అప్పు రద్దుకు ఒకటి నొక్కండి

పిన్ని గొంతు ఆ ఊళ్ళో విననివాళ్ళు లేరు. పిన్నిని చూసినవాళ్ళు మాత్రం తక్కువ. లిఫ్టు ఎక్కితే తలుపులు మూసుకుంటున్నాయని చెప్పేది ఆమే. ఆసుపత్రికి ఫోను చేస్తే, ప్రాణం మీదికొచ్చినవాళ్ళను ఒకటి, తక్కినవాళ్ళను రెండు నొక్కమనేది ఆమే. బండ్లు నిలిపే చోట చీటీ పోగొట్టుకుంటే రోజంతటికీ డబ్బు కట్టాల్సి వస్తుందని మర్యాదగా బెదిరించేదీ ఆమే.

మొదట్లో ఆమె బస్టాండులో విచారణ కిటికీ దగ్గర కూర్చునేది. ఒకరోజు అక్కడ టేపు పాడైపోయింది. బాగుచేసేవాడు వచ్చేదాకా బస్సుల వివరాలు ఆమే మైకులో చదివింది. ఆ రోజు బస్సు తప్పిపోయిన వాళ్ళలో ఒక రికార్డింగు స్టూడియో యజమాని ఉన్నాడు. అతను నేరుగా కిటికీ దగ్గరికి వచ్చి, "నా బస్సు వెళ్ళిపోయిందని మీరు చెప్పిన తీరుకి నాకు బాధ కూడా కలగలేదండి. ఈ గొంతు ఇక్కడుండాల్సింది కాదు" అన్నాడు. తర్వాతి బస్సు ఎప్పుడని అడగడం మరిచిపోయి దాన్నీ పోగొట్టుకున్నాడు.

ఆ గొంతులో కోపం ఉండదు, ప్రేమా ఉండదు. ఎవరి పక్షమూ వహించదు. అందుకే దానికి గిరాకీ. అక్క కూతురు చిన్నతనంలో సెలవులకు వచ్చినప్పుడు స్టూడియోకి కూడా వెంటపడి వచ్చి "పిన్నీ, పిన్నీ" అని వేధిస్తూ ఉండేది. అక్కడి వాళ్ళంతా అదే పిలుపు పట్టుకున్నారు. జీతం లెక్కలు రాసేవాడు కూడా పుస్తకంలో పిన్ని అనే రాసుకునేవాడు.

ఇంట్లో ఆమె ఆ గొంతు వాడదు. బాబాయి కాటాలు బాగుచేస్తాడు. కొట్లవాళ్ళు తెచ్చిపడేసిన తూకం యంత్రాలతో ముందుగది నిండిపోయి ఉంటుంది. ఒకసారి ఆయనకు సరదా పుట్టి, "దయచేసి వేచి ఉండండి అని నాతో ఒక్కసారి అనవే. బయటివాళ్ళతోనేనా మర్యాద?" అన్నాడు.

"నువ్వు వేచి ఉండక ఎక్కడికి పోతావ్?" అంది పిన్ని.

అలా సాగిపోతున్న రోజుల్లో స్టూడియో ఆయన కొత్త పని ఒకటి వచ్చిందని కబురు పెట్టాడు. పని చిన్నది, డబ్బు ఎక్కువ, అదీ అక్కడికక్కడే. పిన్ని వెళ్ళేసరికి ఇస్త్రీ నలగని చొక్కా వేసుకున్న మనిషి ఒకడు సోఫాలో కూర్చుని ఉన్నాడు. లేచి రెండు చేతులూ జోడించాడు. తాము చదువు కోసం అప్పులు చేసిన పిల్లలకు సాయపడుతున్నామన్నాడు. చదివిపెట్టాల్సిన కాగితం అందించాడు.

పిన్నికి ఒక అలవాటు. చదవబోయేది ఏదైనా ముందు ఒకసారి తనలో తాను చదువుకుని, గొంతుకు అడ్డొచ్చేవి సరిచేసుకుంటుంది. కాగితం మీద, వేచి ఉండమనే మామూలు మాటలకు ముందు, ఇలా ఉంది: చదువు అప్పుల సహాయ కేంద్రానికి స్వాగతం. మీ అప్పు పూర్తిగా రద్దు కావడానికి మీరు అర్హులై ఉండవచ్చు. అప్పు రద్దుకు ఒకటి నొక్కండి. ఈ అవకాశం ఈ రోజుతో ముగుస్తుంది.

"ఏ రోజుతో?" అంది పిన్ని.

"ఈ రోజుతోనమ్మా."

"ఇది రికార్డింగు కదండీ. రేపూ ఇదే మోగుతుంది, ఎల్లుండీ ఇదే మోగుతుంది."

ఆ మనిషి ఓపికగా నవ్వాడు. "ఏ రోజు విన్నవాళ్ళకి ఆ రోజు ఈ రోజే కదమ్మా."

పిన్నికి అది సబబుగానే తోచింది. వ్యాకరణం ప్రకారం తప్పు పట్టడానికేం లేదు. "మీది ప్రభుత్వ ఆఫీసా?" అని మాత్రం అడిగింది.

"ప్రభుత్వం అని చెప్పలేం. ప్రభుత్వానికి దగ్గరగా అనుకోండి."

ఎంత దగ్గరో ఆమె అడగలేదు. ఆసుపత్రికి చదివినట్టే చదవమన్నాడు, అలాగే చదివింది. "అర్హులై ఉండవచ్చు" తర్వాత కాస్త ఆగితే వినేవాళ్ళకు ఊపిరి తీసుకోవడానికి వీలుంటుందని తానే సలహా ఇచ్చి, ఆ చోట ఆగింది కూడా. ఆ ఆగడం ఆయనకు ఎంతో నచ్చింది. డబ్బు కవరులో పెట్టి ఇచ్చాడు. పిన్ని ఇంటికి వస్తూ బాబాయికి చెప్పులు కొన్నది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఒక సెలవు రోజున అక్క కూతురు కేకు డబ్బాతో వచ్చింది. ఆ పిల్లను అందరూ పండు అంటారు. మోకాళ్ళూ భుజాలూ పట్టేసిన వాళ్ళకు వ్యాయామం చేయించి దారిలో పెట్టే చదువు చదివింది. ఆ చదువుకు బ్యాంకులో అప్పు చేసింది. పట్టణం అవతల ఒక క్లినిక్కులో పనిచేస్తూ, జీతంలోంచి నెలనెలా ఆ అప్పు తీరుస్తోంది. పిన్నికి పిల్లల్లేరు. పండు తన తల్లికి చెప్పని సంగతులు కూడా పిన్నికి చెప్పేది. ఆ రోజు వస్తూనే పిన్నిని వాటేసుకుని, "అంతా నీ చలవే" అంది.

"నేనేం చేశాను?"

"నా అప్పు రద్దవుతోంది పిన్నీ. కాగితాలు నడుస్తున్నాయి. అంతా అయ్యాక చెబుదామనుకున్నా, ఆగలేకపోయా."

పిన్ని టీ కాస్తోంది. "ఎవరు రద్దు చేస్తున్నారు?" అంది, గిన్నె మీంచి కళ్ళు తీయకుండానే.

"నువ్వే కదా ఫోను చేసింది. మొదట ఏదో బూటకం అనుకుని పెట్టేయబోయా. నీ గొంతు వినపడింది. మా పిన్ని చెప్పాక ఇంకేం కావాలి అని ఒకటి నొక్కా."

టీ పొంగి పొయ్యి మీద పడింది. బాబాయి ముందుగదిలోంచి, "ఏదో మాడుతోంది" అన్నాడు.

పిన్ని పొయ్యి ఆపి, పండును కూర్చోబెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పమంది. ఒకటి నొక్కాక ఎవరో సలహాదారు మాట్లాడాడు. చాలా మంచివాడు, అమ్మ ఆరోగ్యం కూడా అడిగాడు. కాగితాల ఖర్చుకని ముందుగా ఒక జీతమంత కట్టించుకున్నాడు. ఆ తర్వాత నెలనెలా కొంత. పని సులువుగా జరగాలంటే అప్పు ఖాతా పాస్‌వర్డు కావాలన్నాడు, చెప్పింది. పండు తరఫున తామే బ్యాంకుతో మాట్లాడేలా ఒక కాగితం మీద సంతకం కావాలన్నాడు, పెట్టింది. ఇక బ్యాంకుకు కట్టనవసరం లేదన్నాడు, మానేసింది. బ్యాంకువాళ్ళతో మాట్లాడితే ఫైలు చిక్కుపడుతుంది, పొరపాటున కూడా మాట్లాడొద్దన్నాడు.

"అయినా మాట్లాడావు కదా?" అంది పిన్ని, ఆశగా.

"లేదు పిన్నీ, వాళ్ళు చెప్పినట్టే విన్నా" అంది పండు, ఆమె దేనికి అడుగుతోందో అర్థంకాక.

"నన్ను ఒక్కమాట అడగాల్సింది."

"నువ్వే చెప్తుంటే నిన్నెందుకడుగుతా?"

"నేను చదువుతానమ్మా. చెప్పను. వాళ్ళు రాసిచ్చింది చదువుతాను" అంది పిన్ని. పండు మొహంలో రంగు మారింది. కేకు డబ్బా బల్ల మీద అలాగే ఉంది, ముడి కూడా విప్పలేదు.

పిన్ని పండు దగ్గర ఆ నంబరు తీసుకుని ఫోను చేసింది. అవతల తన గొంతే ఎత్తింది. స్వాగతం పలికింది. మీరు అర్హులై ఉండవచ్చు అంది, ఊపిరి తీసుకోవడానికి వీలిచ్చింది. పిన్ని ఒకటి నొక్కింది. సలహాదారులందరూ ఇతరులతో మాట్లాడుతున్నారు, మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం అంది ఆ గొంతు. మధ్యలో సంగీతం వచ్చింది, మళ్ళీ ఆ గొంతు వచ్చింది. బాబాయి పక్కన నిలబడి వింటున్నాడు.

"నాకైతే నమ్మబుద్ధేస్తోంది" అన్నాడు.

పిన్ని ఆయన వైపు చూసిన చూపుకు వెళ్ళి కాటాల ముందు కూర్చున్నాడు.

చివరికి ఒక కుర్రగొంతు పలికింది. నమస్కారం చెప్పి, అప్పు ఎంత ఉందని అడిగింది.

"నాకు అప్పు లేదు. మీ ఆఫీసు ఎక్కడో చెప్పండి, వస్తాను" అంది పిన్ని.

"భద్రతా కారణాల వల్ల అడ్రసు చెప్పకూడదండి."

"ఎవరి భద్రత?"

"మీదేనండి."

"నేను మీ రికార్డింగు చదివినదాన్ని."

"ఏ రికార్డింగండీ?"

"మీరు ఫోను ఎత్తేముందు మోగుతుంది చూడండి, అది."

"అది కంప్యూటరండి."

"కంప్యూటరు కాదు బాబూ, నేనే."

అవతల గుసగుసలు వినపడ్డాయి. పక్కనెవరినో అడిగినట్టున్నాడు. తిరిగి వచ్చి, ముందున్నంత మర్యాదగానే, "మేడం, మీ అప్పు ఎంతో చెబితే మేం సాయపడగలం. ఈ అవకాశం ఈ రోజుతో ముగుస్తుంది" అన్నాడు.

పిన్ని ఫోను పెట్టేసింది.

మర్నాడు ఇద్దరూ పండు అప్పు తీసుకున్న బ్యాంకుకు వెళ్ళారు. పండు బస్సులో కిటికీవైపే చూస్తూ కూర్చుంది. బ్యాంకులో టోకెను తీసుకుని కుర్చీల్లో ఎదురుచూశారు. గోడ మీది డబ్బా ఒక్కొక్కరినే పిలుస్తోంది. అదీ పిన్ని గొంతే. ఫలానా నంబరు వారు ఫలానా కౌంటరుకు రావాలి అని అది అన్నప్పుడల్లా పండు నేలచూపులు చూసేది. తన నంబరు పిలిచినా లేవలేదు.

"మనల్నే" అంది పిన్ని.

"విన్నా" అంది పండు.

చదువు అప్పులు చూసే ఆఫీసరమ్మ కళ్ళజోడు తాడుకు కట్టి మెళ్ళో వేసుకుని ఉంది. చెప్పిందంతా విని, కంప్యూటరులో ఏవేవో నొక్కి, "మీ అప్పుకేం కాలేదమ్మా, ఆరోగ్యంగానే ఉంది. మీరు కట్టడం మానేశాక కాస్త ఒళ్ళు కూడా చేసింది" అంది. ఆవిడ హాస్యానికి అనలేదు. ఆవిడ మాట తీరే అంత.

"మరి నేను కట్టిందంతా?" అంది పండు.

"మాకు రాలేదు."

ఆవిడ తెర పండువైపు తిప్పి చూపించింది. ఖాతాలో పండు ఫోను నంబరు, మెయిలు అడ్రసు రెండూ మారిపోయి ఉన్నాయి. వాయిదాలు తప్పాయని బ్యాంకు పంపిన హెచ్చరికలన్నీ ఆ సహాయ కేంద్రానికే వెళ్ళాయి. అక్కడివాళ్ళు చదివారో లేదో తెలీదు.

"నాకు ఫోనైనా చెయ్యాల్సింది కదండీ" అంది పండు.

"చేశామమ్మా. ఆ నంబరుకే. ఎవరో చాలా మర్యాదగా మాట్లాడారని రాసుంది ఇక్కడ."

పండు కళ్ళు తుడుచుకుంది. ఆఫీసరమ్మ మంచినీళ్ళ గ్లాసు ఇటు జరిపి, ఆమె తాగేదాకా ఆగింది. తర్వాత ఒక్కొక్కటే చేయించింది. అక్కడే కూర్చోబెట్టి పాస్‌వర్డు మార్పించింది, నంబరు మార్పించింది. ఇంతకుముందు సంతకం చేసిన కాగితం ఇక చెల్లదని రాయించుకుంది. జీతం పడే బ్యాంకుకు వెళ్ళి ఆ కేంద్రానికి నెలనెలా పోయేది ఆపించమంది. అక్కణ్ణుంచి నేరుగా పోలీసుల దగ్గరికి పొమ్మంది.

"నెలకింత కట్టలేకపోతే తగ్గించుకునే వీలుందమ్మా" అంది ఆఖర్న. "ఆ కాగితం ఊరికే ఇస్తాం. నింపడం తెలీకపోతే నేనే కూర్చుని నింపిస్తాను. దీనికి డబ్బడిగినవాడెవడూ మా మనిషి కాదు. నాకు తెలిసి అప్పులు రద్దు చేసేవాళ్ళు ఇలా ఇంటికి ఫోనులు చేసి బతిమాలరు. మాకు అంత తీరిక లేదు."

"మరి నిజం ఫోనో కాదో తెలిసేదెలాగండీ?" అంది పిన్ని.

"పెట్టేసి, మీ అప్పు పత్రం మీదున్న నంబరుకు మీరే చెయ్యండి. వాళ్ళిచ్చిన నంబరుకు కాదు. నిజమైనవాళ్ళు ఏమీ అనుకోరు." అలా అని పిన్నిని ఎగాదిగా చూసింది. "మీ గొంతు ఎక్కడో విన్నానండీ."

"ఇప్పుడే విన్నారు" అని పిన్ని గోడవైపు చూపించింది.

పోలీసుల దగ్గర పని కొంచెం చిక్కుపడింది. ఫిర్యాదు రాసుకునే అతను ఒక మూల బల్ల దగ్గర ఉన్నాడు. పండు చెప్పింది రాసుకున్నాడు. ఆ రికార్డింగు వినిపించమన్నాడు, విన్నాడు.

"ఈ గొంతు ఎవరిదో తెలిస్తే సగం కేసు తేలిపోతుంది" అన్నాడు.

"నాదేనండీ" అంది పిన్ని.

అతను కలం దించాడు. "అంటే మీరు లొంగిపోడానికి వచ్చారా?"

"కాదండీ, ఫిర్యాదు ఇవ్వడానికి."

"ఎవరి మీద?"

"ఇది నాతో చదివించిన వాళ్ళ మీద."

అతను పండును చూశాడు, పిన్నిని చూశాడు, కాగితంలో ఫిర్యాది అని ఉన్న గడినీ, నిందితులు అని ఉన్న గడినీ చూశాడు. లోపలికెళ్ళి పెద్దాయన్ని పిలుచుకొచ్చాడు. పెద్దాయన రికార్డింగు మళ్ళీ విన్నాడు. గొంతు సరిపోల్చడానికి పిన్నిని ఏదైనా చదవమన్నాడు. కంటికి కనపడింది చదవమని గోడ మీది నోటీసు చూపించాడు. అనుమతి లేనిదే లోనికి రాకూడదని పిన్ని చదవగానే, వరండాలో బెంచీ మీద కూర్చున్న ఇద్దరు లేచి బయటికి వెళ్ళిపోయారు. పెద్దాయన వాళ్ళను వెనక్కి పిలిపించాడు. చివరికి పిన్నిని సాక్షిగా రాసుకున్నారు. పిలిచినప్పుడల్లా రావాలన్నారు. పిన్ని సరేనంది.

బయటికొచ్చాక పండు, "నీ మీద కోపం లేదు పిన్నీ" అంది. ఉన్నవాళ్ళే అలా అంటారని పిన్నికి తెలుసు. "నీ మాట వింటుంటే ఒకటి నొక్కమన్నదే గుర్తొస్తోంది. కొన్నాళ్ళు మనం మాట్లాడుకోవద్దు" అని బస్సెక్కి వెళ్ళిపోయింది.

పిన్ని అక్కణ్ణుంచి స్టూడియోకి వెళ్ళింది. ఇస్త్రీ చొక్కా మనిషి వివరాలు కావాలంది. స్టూడియో ఆయన నీళ్ళు నమిలాడు. ఫోను నంబరు ఒక్కటే ఉంది, అది పలకడం లేదు. డబ్బు చేతికిచ్చి వెళ్ళాడు కాబట్టి ఇంకేమీ రాసుకోలేదు.

"మనం చదివేవాళ్ళం పిన్నీ. రాసింది వాళ్ళు. మనకేం సంబంధం?" అన్నాడు.

"ఊపిరి తీసుకోడానికి అక్కడ ఆగమంది నేను" అంది పిన్ని.

"దేనికి?"

పిన్ని స్టూడియో గోడకున్న కెమెరాలో పడిన ఆ మనిషి బొమ్మ ఇప్పించుకుని పోలీసులకు ఇచ్చింది.

తర్వాత రోజుల్లో ఇల్లు నిశ్శబ్దంగా ఉండేది. సెలవు రోజున పండు రాలేదు. అక్క ఫోను చేసి, "నీ గొంతు నమ్మి పిల్ల మునిగిపోయింది" అని ఒకసారి, "అయినా నీ తప్పేముందిలే" అని ఒకసారి అంది. ఏ మాటకు బాధపడాలో పిన్నికి తెలీలేదు. ఎక్కడికెళ్ళినా తన గొంతే ఎదురయ్యేది. బట్టల కొట్టులో లిఫ్టెక్కబోయి మెట్ల మీంచి నడిచింది. మోకాళ్ళు నొప్పి పెట్టాయి. మామూలుగానైతే పండుకు ఫోను చేసేది. బాబాయి వేడినీళ్ళ సంచి తెచ్చిపెట్టాడు. అంతకంటే ఏం చేయాలో ఆయనకు తోచలేదు.

అంతలో బ్యాంకు ఆఫీసరమ్మ దగ్గర్నుంచి ఫోను వచ్చింది. ఇదే కేంద్రం చేతిలో మోసపోయిన పిల్లలు ఇంకా చాలామంది తేలుతున్నారు. చదువు అప్పుల విభాగానికి ఫోను చేసినవాళ్ళకు మొదట ఒక హెచ్చరిక వినిపించాలని బ్యాంకు అనుకుంటోంది. "మీ గొంతే కావాలి. అందరూ విన్నది అదే కదా" అంది. పిన్ని డబ్బు వద్దంది, ఒక్క షరతు పెట్టింది: రాసేది తానే.

బ్యాంకువాళ్ళు అప్పటికే ఒకటి రాసి ఉంచారు. అది చదవడానికి టీ తాగినంతసేపు పట్టింది, తాగడం అయ్యాక కూడా దేని గురించో తెలియలేదు. పిన్ని దాన్ని పక్కనపెట్టి ఇంట్లో బల్ల ముందు కూర్చుంది. పండు తన చేతులారా ఇచ్చినవన్నీ తలచుకుంటూ రాసింది. రాసి కొట్టేసి మళ్ళీ రాసింది. బాబాయికి చదివి వినిపించింది.

"చదువు అప్పు రద్దు చేస్తామని ఎవరైనా ముందే డబ్బు అడిగితే ఫోను పెట్టెయ్యండి. మీ పాస్‌వర్డు ఎవరికీ చెప్పకండి, మాకు కూడా. బ్యాంకుకు కట్టడం మానెయ్యమనీ, మాతో మాట్లాడొద్దనీ చెప్పేవాళ్ళు మీ మేలు కోరేవాళ్ళు కాదు. ఈ రోజే ఆఖరని తొందరపెడితే రేపు చెయ్యమనండి."

"రేపు చేస్తే?" అన్నాడు బాబాయి.

"ఆఖరు కాదని తెలిసిపోతుందిగా."

ఆయన ఒప్పుకున్నాడు. ఆఫీసరమ్మ కూడా ఒప్పుకుంది. ఆవిడ పై అధికారి మాత్రం, "మాకు కూడా" అన్న మాట బ్యాంకు పరువుకు మంచిది కాదని తీసేయమన్నాడు. పిన్ని తీయనంది. నాలుగు రోజులు ఉత్తరాలు నడిచాయి. పిన్ని గొంతు వాళ్ళ టోకెన్ల డబ్బాలో కూడా ఉందని, కోపమొస్తే అదీ తీసేయమనొచ్చని ఎవరో గుర్తుచేశాక ఆయన తగ్గాడు. ఆమె ఆ సంగతి ఎత్తనేలేదు.

హెచ్చరిక మోగడం మొదలుపెట్టాక బ్యాంకుకు ఫోనులు పెరిగాయి. ఈ గొంతు మోసగాళ్ళ గొంతు, మీ ఫోనులో దూరింది, చూసుకోండి అని జనం చెప్పడం మొదలుపెట్టారు. కొందరు సగంలోనే పెట్టేసి, అప్పు పత్రం తీసి, దాని మీది నంబరు చూసి మళ్ళీ చేసేవాళ్ళు. మళ్ళీ అదే గొంతు వినపడేసరికి సంచి భుజాన వేసుకుని స్వయంగా బ్యాంకుకు వచ్చేవాళ్ళు. ఆఫీసరమ్మకు తల ఎత్తడానికి తీరిక ఉండేది కాదు. పై అధికారి పిన్నిని తప్పుపట్టబోతే, "పోనీండి సార్, అడిగి తెలుసుకుందామని వస్తున్నారు. ఇదివరకు అదే లేదు" అంది.

ఆ సహాయ కేంద్రం నంబరు కొన్నాళ్ళకు మూగబోయింది. కెమెరా బొమ్మను బట్టి ఇస్త్రీ చొక్కా మనిషిని ఇంకో ఊళ్ళో పట్టుకున్నారు. అక్కడ అతను చదువు అప్పులు వదిలేసి ఇళ్ళ అప్పులకు సాయపడుతున్నాడు. పండు కట్టినదాంట్లో కొంత తిరిగి వచ్చింది, ఎక్కువ రాలేదు. వాయిదా తగ్గించుకునే కాగితం ఆఫీసరమ్మ దగ్గర కూర్చుని నింపింది. మునుపటికంటే కొన్నేళ్ళు ఎక్కువ కట్టాలి. ఆ సంగతి పిన్నికి అక్క ద్వారా తెలిసింది.

ఇది జరిగిన దగ్గర్నుంచి పిన్ని చదివే పద్ధతి మార్చుకుంది. కాగితం ఇచ్చినవాళ్ళ ఆఫీసు తన కళ్ళతో చూడందే చదవడం లేదు. పరుపుల కంపెనీ పిలిస్తే వెళ్ళి పరుపు మీద పడుకుని చూసి, కాస్త నిద్ర కూడా పోయి, అప్పుడు చదివింది. పళ్ళపొడి కంపెనీవాళ్ళు అడ్రసు చెప్పడానికి నసిగితే ఆ పనే వదులుకుంది. స్టూడియో ఆయన తల పట్టుకున్నాడు. "ఇలాగైతే మిమ్మల్ని పిలిచేదెవరు?" అన్నాడు. పిలిచేవాళ్ళు సగానికి తగ్గిన మాట నిజమే. బస్టాండులో ఖాళీ ఏమైనా ఉందేమో కనుక్కోమని పిన్ని బాబాయికి చెప్పింది. ఆయన కనుక్కున్నాడు, లేదన్నారు.

ఒకరోజు ఇళ్ళ సామాన్లు మార్చే కంపెనీ ఒకటి పిలిచింది. ఊరి చివర, మూడో అంతస్తు. పిన్ని చీర సర్దుకుని బయల్దేరబోతుంటే గుమ్మంలో పండు నిలబడి ఉంది. కాస్త చిక్కింది.

"పరుపు మీద పడుకుని చూశావట. అమ్మ చెప్పింది" అంది.

"పరుపులు కదా, చూడాలిగా."

"ఈ రోజెక్కడికి?"

పిన్ని చెప్పింది. "నేనూ వస్తా. ఈ రోజు నాకు క్లినిక్కు లేదు" అంది పండు. ఆ భవనంలో లిఫ్టు పాడై ఉంది. మెట్లెక్కుతుంటే పండు వెనకనుంచి, "ఏ కాలు నొప్పి?" అంది. పిన్ని కుడిది అంది. "ముందు మంచి కాలు వెయ్యి. నేనెప్పుడో చెప్పా" అంది పండు, మోచేయి పట్టుకుని.

ఆఫీసంటే ఒక గది. అట్టపెట్టెలు, తాళ్ళ చుట్టలు, గోడకు ఒక లారీ బొమ్మ. బల్ల వెనక ఒక బొద్దు మనిషి అన్నం తింటున్నాడు. వీళ్ళను చూసి కంగారుగా డబ్బా మూసి కూర్చోమన్నాడు. పిన్ని అడగాల్సినవి అడిగింది. లారీలు ఎన్ని, ఎక్కడ పెడతారు, ముందుగా డబ్బు తీసుకుంటారా, సామాను పగిలితే ఏం చేస్తారు. ఆయన నిజాయితీగానే చెబుతున్నట్టుంది, కానీ ఇస్త్రీ చొక్కా మనిషి కూడా అలాగే చెప్పాడు. పిన్నికి పాలుపోలేదు.

పండు అంతసేపూ ఆయన భుజం వంకే చూస్తోంది. "ఆ చెయ్యి పైకెత్తండి" అంది.

ఆయన బిత్తరపోయి ఎత్తబోయాడు. చెవిదాకా కూడా రాలేదు. పండు లేచి వెళ్ళి వెనక నిలబడి, భుజం మీద రెండు వేళ్ళతో నొక్కింది. ఆయన అబ్బా అన్నాడు.

"ఎన్నాళ్ళనుంచి?"

"పోయినేడు బీరువా దింపుతుంటే పట్టేసిందమ్మా. అప్పట్నుంచీ ఇంతే. నేను మొయ్యకపోతే కుర్రాళ్ళు సరిగా మొయ్యరు, అందుకని నేనే..."

"రెండో భుజం కూడా పాడు చేసుకుంటున్నారు" అంది పండు. చెయ్యి గోడకు ఆనించి మెల్లగా పైకి ఎలా పాకించాలో చూపించింది. ఆయన లారీ బొమ్మ పక్కన గోడవైపు తిరిగి, వేళ్ళతో పాకిస్తూ నిలబడ్డాడు. పండు వచ్చి పిన్ని పక్కన కూర్చుంది.

"మోసే మనిషే పిన్నీ. చదువు" అంది.

పిన్ని కాగితం తీసుకుని మొదటి వాక్యం మెల్లగా చదివి చూసుకుంది. మధ్యలో ఒకచోట గొంతుకు అడ్డొచ్చింది. కలం కోసం సంచిలో వెతికింది. పండు తన జేబులోది తీసి ఇచ్చింది.